చదివిన చదువు కొలువుకు అక్కరకు రావాలి

మేడారం: సమ్మక్క-సారలమ్మల పేరిట కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం ఇక్కడికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని ములుగుకు వచ్చింది. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టంలోని హామీ, 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేయడంతో కార్యరూపం దాల్చింది. 889 కోట్ల రూపాయలతో మంజూరైన ఈ విద్యాలయం తరగతులు 2024లో జాకారంలోని యువజన శిక్షణ కేంద్రంలో ఇంగ్లీషు, అర్థశాస్త్రం కోర్సులతో మొదలైనాయి.

రేపు ఇక్కడ కంప్యూటరు చదువులు పెడితే ఏమి నేర్పాలన్నది ఇప్పుడే ఆలోచించవలసిన విషయం.

కంప్యూటరు డిగ్రీ చేతికొచ్చాక కూడా వేలాదిమంది యువకులు హైదరాబాదు అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని, ఫీజు కట్టి, మళ్ళీ నేర్చుకుంటున్నారు. కాలేజీలో చెప్పిన పాఠం ఒకటి, కంపెనీ అడిగే పని మరొకటి కావడమే ఇందుకు కారణం. చేరిన నాటి పాఠ్యాంశాలు, చదువు ముగిసేసరికి పాతబడిపోతున్నాయి. కలిగినవారు ఈ రెండో ఖర్చు భరించగలరు. తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి బిడ్డను చదివించే కోయ కుటుంబానికి అది తలకు మించిన భారం.

సమాచార వ్యవస్థ అంటే కంప్యూటరు మీట నొక్కడం మాత్రమే కాదు. జాతరలో బిడ్డ గద్దెల దగ్గర తప్పిపోతాడు, తల్లి బస్టాండులో వెతుకుతూ ఉంటుంది. ఒక శిబిరంలో రాసుకున్న వివరం క్షణాల్లో మిగతా శిబిరాలన్నిటికీ అందాలి. అటువంటి ఏర్పాటును రూపొందించడమే ఈ చదువు. ఆర్టీసీ నడిపే వేలాది బస్సుల రాకపోకలు, హుండీల లెక్క కూడా ఇటువంటివే. విద్యార్థులకు ఇంతకంటె మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

మార్గం లేకపోలేదు. కనీసం 15 ఏళ్ళ అనుభవం గల నిపుణులను డిగ్రీ నిబంధన లేకుండానే ఆచార్యులుగా తీసుకోవచ్చునని యూజీసీ 2022లో అనుమతించింది. మొత్తం పోస్టులలో వీరు 10 శాతం మించరాదు. వరంగల్ సమీపంలోని మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీలు 2020 జనవరిలో కార్యాలయాలు తెరిచాయి. అటువంటి చోట్ల పనిచేసినవారిని పిలిపించి పాఠాలు చెప్పించవచ్చు.

అయితే ఒక్క కంపెనీ వాడే సాఫ్ట్‌వేరును నమ్ముకోవడమూ పొరపాటే. అది మారితే చదువు వృథా అవుతుంది. లెక్కలు, తర్కం, సమాచారాన్ని పద్ధతిగా భద్రపరచే విధానం వంటి పునాదులు గట్టిగా ఉంటే కొత్త పనిముట్టును ఎవరైనా త్వరగా పట్టుకుంటారు.

పాఠ్యాంశాలు నిర్ణయించే సంఘంలో కంపెనీలవారితో పాటు ఐటీడీఏ, ఆర్టీసీ ప్రతినిధులకూ చోటివ్వాలి. ఏటా ఒకసారి పాఠాలను సరిచూడాలి. అధికారులు కోర్సు ప్రారంభానికి ముందే ఈ విషయంపై శ్రద్ధ వహించవలసి ఉన్నది.