తాత నాటిన చెట్టు... మనవడి చేతిలో గొడ్డలి!

*హిమాచల్ కొండల్లో యాపిల్ తోట తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి చేతులు మారుతూ వచ్చింది. నూరేళ్లు దాటిన ఆ ప్రయాణం ఇప్పుడో మలుపు దగ్గర ఆగింది.*

శ్రావణం వెళ్లి భాద్రపదం వస్తోందంటే చాలు... మన ఊళ్లలో తోపుడుబండ్ల మీద ఎర్రెర్రని సిమ్లా యాపిల్స్ కొలువుదీరతాయి. వినాయకుడి పూజకు రెండు, పిల్లలకు రెండు, ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి వెళ్తూ అరడజను... బేరమాడి కొనేస్తాం. అది ఏ కొండ మీద కాసిందో, ఎవరు కోశారో ఆలోచించం. నిజానికి ఆ ఒక్క పండు వెనక చాలాసార్లు మూడు నాలుగు తరాల కుటుంబం ఉంటుంది. ముత్తాత తెచ్చిన అంటు, తాత తవ్విన గొయ్యి, నాన్న నేర్చుకున్న కత్తిరింపు, మనవడు పంపిన లారీ... అన్నీ కలిస్తేనే ఆ పండు!

మనకు మామిడి ఎలాగో సిమ్లా జిల్లా రైతుకు యాపిల్ అలాగ. కాకపోతే మనకు మామిడితోపాటు వరి ఉంది, పత్తి ఉంది, మిరప ఉంది. అక్కడి చాలా గ్రామాల్లో తిండి, చదువు, పెళ్లి, ఇల్లు అన్నీ యాపిల్ మీదే. లక్ష హెక్టార్లకు పైగా విస్తరించిన ఈ తోటల చుట్టూ ఏటా సుమారు 5 వేల కోట్ల రూపాయల వ్యాపారం నడుస్తోంది. రైతుల్లో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులే. కొండవాలులో మెట్లు మెట్లుగా ఉన్న కాస్తంత భూమి... అదే వాళ్ల సర్వస్వం.

అమెరికా నుంచి వచ్చిన అంటు

హిమాచల్‌లో యాపిల్‌ను మొదట నాటింది ఆంగ్లేయులు. 1870లో కెప్టెన్ లీ అనే సైనికాధికారి కులూ లోయలోని బండ్రోల్‌లో తోట వేశాడు. అయితే అవన్నీ పుల్లటి ఇంగ్లిష్ రకాలు. తీపి కోరుకునే మన నాలుకకు అవి రుచించలేదు.

అసలు కథ సిమ్లాకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని కోట్‌గఢ్‌లో మొదలైంది. ఆ కథకు నాయకుడు శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సంపన్న కుటుంబంలో పుట్టిన ఆయన 1904లో కుష్ఠురోగులకు సేవ చేయడానికి మన దేశానికి వచ్చాడు. సిమ్లా కొండల్ని చూసి అక్కడే ఉండిపోయాడు. 1912లో స్థానిక యువతి ఆగ్నెస్‌ను పెళ్లాడి కోట్‌గఢ్ దగ్గర బారోబాగ్‌లో ఇల్లు కట్టుకున్నాడు. కొండ రైతుల చేత ఆంగ్లేయులు చేయించుకునే వెట్టిచాకిరీ మీద పోరాడాడు. ఖాదీ కట్టి కాంగ్రెస్‌లో చేరి, జైలుకూ వెళ్లాడు. 1932లో హిందూమతం స్వీకరించి సత్యానంద్ స్టోక్స్ అయ్యాడు.

వెట్టి పోతే సరా? కడుపు నిండేదెలా? దానికి ఆయన వెతికిన జవాబే యాపిల్. 1916లో అమెరికాలోని స్టార్క్ బ్రదర్స్ నర్సరీ నుంచి ‘రెడ్ డెలీషియస్’ మొక్కలు తెచ్చి తన తోటలో నాటాడు. 1921లో క్రిస్మస్ కానుకగా వాళ్లమ్మ ‘గోల్డెన్ డెలీషియస్’ మొక్కలు పంపింది. 1926 నాటికి కోట్‌గఢ్ యాపిల్ అమ్మకానికి వచ్చింది. ఇరుగుపొరుగు రైతులు మాత్రం మొదట్లో ససేమిరా అన్నారు. గోధుమ, బంగాళాదుంప పండే పొలంలో ఏళ్ల తరబడి కాయని చెట్టు నాటి పస్తులుండాలా అన్నది వాళ్ల భయం. స్టోక్స్ ఉచితంగా మొక్కలిచ్చి, పెంచే పద్ధతి నేర్పి ఒక్కొక్కరినీ ఒప్పించాడు. 1946లో ఆయన కన్నుమూసేనాటికి కొండల రూపే మారడం మొదలైంది. ఆ ఇంటి కోడలు విద్యా స్టోక్స్ తర్వాతికాలంలో హిమాచల్ శాసనసభ స్పీకర్‌గా, మంత్రిగా పనిచేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక తొలి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. పర్మార్ పండ్లతోటలే కొండలకు బతుకుదెరువని నమ్మి ప్రోత్సహించారు. కోట్‌గఢ్ నుంచి కోట్‌ఖాయ్, జుబ్బల్, రోహ్రూ, చోపాల్, కిన్నౌర్... వరసగా తోటలు పాకాయి. చోపాల్ ప్రాంతంలోని మడావగ్ లాంటి గ్రామాల్ని ‘ఆసియాలోకెల్లా ధనిక గ్రామం’ అని పత్రికలు రాసేదాకా వెళ్లింది.

చెట్లకూ ఉందో వంశం

యాపిల్ గింజ నాటితే తల్లిచెట్టు లాంటి చెట్టు రాదు. ఎలాంటి పండు కాస్తుందో దేవుడికే ఎరుక. అందుకే అంటు కట్టాల్సిందే. రెడ్ డెలీషియస్ మూలచెట్టు అమెరికాలోని అయోవాలో జెస్సీ హయట్ అనే రైతు తోటలో దానంతటదే మొలిచింది. వరసలో లేదని ఆయన నరికేశాడట. అది మళ్లీ చిగురించింది. మళ్లీ నరికాడు. మళ్లీ చిగురించింది! అంత మొండిదైతే బతకనిద్దామని వదిలేశాడు. ఇవాళ ప్రపంచంలోని ప్రతి రెడ్ డెలీషియస్ చెట్టూ కొమ్మ మీద కొమ్మగా ఆ ఒక్క చెట్టు నుంచి వచ్చిన సంతానమే. అంటే కోట్‌గఢ్‌లో మనుషులకే కాదు, చెట్లకూ తాతముత్తాతలున్నారు.

పాత పద్ధతిలో గింజ మొలకపై అంటుకట్టిన చెట్టు మంచి కాపుకి రావడానికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. ఆ తర్వాత నలభై, యాభై ఏళ్లు కాస్తూనే ఉంటుంది. లెక్క వేసి చూడండి... నాటినవాడు తినేది కొంత. కొడుకు తినేది ఎక్కువ. మనవడికీ మిగులుతుంది. తోట వేయడమంటే పుట్టబోయే మనవడి పేరున డబ్బు దాచడమే.

ఏడాది పొడవునా పనే

కొనేవాళ్లకు యాపిల్ రెండు మూడు నెలల ముచ్చట. పండించేవాళ్లకు పన్నెండు నెలల పని. డిసెంబరు నుంచి కొమ్మల కత్తిరింపు. ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీయాలి అన్నది పుస్తకాల్లో దొరికే విద్య కాదు. ఆ చెట్టు నాలుగేళ్ల కిందట ఎలా కాసిందో గుర్తున్నవాడికే అది తెలుస్తుంది. అందుకే ఇంట్లో పెద్దాయన నిచ్చెన ఎక్కలేకపోయినా కిందే నిలబడి వేలు చూపిస్తుంటాడు. అదే సమయంలో పాదులు తవ్వడం, పశువుల ఎరువు వేయడం. ఇంతలో మంచు పడిందా... పండగే! నెమ్మదిగా కరిగి వేళ్లకు తడినిచ్చే మంచును అక్కడివాళ్లు ‘తెల్ల ఎరువు’ అంటారు.

మార్చి చివర్లో, ఏప్రిల్‌లో కొండంతా తెలుపూ గులాబీ కలిసిన పూత. చూసేవాళ్లకు కన్నులపండగ, రైతుకు గుండెదడ. రెడ్ డెలీషియస్ తన పుప్పొడితో తాను కాయలేదు. గోల్డెన్ లాంటి వేరే రకం పుప్పొడి కావాలి. దాన్ని మోసుకొచ్చే తేనెటీగ కావాలి. అందుకే రైతులు తేనెపెట్టెల్ని అద్దెకు తెచ్చి తోటలో పెడతారు. వేరే రకం పూలకొమ్మల్ని నీళ్లలో ఉంచి చెట్లకు వేలాడదీసేవాళ్లూ ఉన్నారు. సరిగ్గా అప్పుడే చలిగాలి తిరిగిందా, ఈగ కదలదు, పిందె పడదు. పిందె పడ్డాక వడగళ్ల భయం. పది నిమిషాల వడగళ్లకు ఏడాది కష్టం మచ్చలు పడిపోతుంది. కొండవాలు మీద తెల్లగా పరుచుకున్న వలలు దానికోసమే.

జులైలో కింది కొండల్లో కోత మొదలై, అక్టోబరుకు కిన్నౌర్ దాకా ఎక్కుతుంది. కోతకొచ్చేసరికి తోటకు ఇంకో కుటుంబం తోడవుతుంది... నేపాలీ కూలీలది. పండు కోసి, గంపల్లో వీపున మోసి, ఏటవాలు బాటల్లో రోడ్డుకు చేర్చేది వాళ్లే. తండ్రి పనిచేసిన తోటలోనే కొడుకూ పనిచేస్తుంటాడు. 2020లో కొవిడ్ మూలంగా వాళ్లు రాలేక తోటలు ఎంత ఇబ్బంది పడ్డాయో చూశాకే ఆ చేతుల విలువ చాలామందికి తెలిసొచ్చింది.

ఒక ఏడు పంట... ఒక ఏడు మంట

2010లో హిమాచల్‌లో రికార్డు స్థాయిలో దాదాపు 8.9 లక్షల టన్నుల యాపిల్ పండింది. మరుసటేడు? మూడు లక్షల టన్నులు కూడా లేదు! యాపిల్ రైతు బతుకు ఇలాంటి ఎత్తుపల్లాల బాటే. 1982-83లో మచ్చ తెగులు తోటల్ని ఊడ్చేసింది. 1990 జులైలో గిట్టుబాటు ధర కోసం ఆందోళనకు దిగిన రైతులపై కోట్‌గఢ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2023 వర్షాకాలంలో కొండచరియలు విరిగి, రోడ్లు తెగిపోయి, కోసిన పండు కోసినచోటే ఉండిపోయింది.

పండు మండీకి చేరినా పోరాటం తప్పదు. చాలా ఏళ్లపాటు ధర పెట్టెకు ఇంత అని ఉండేది. ఒకే పెట్టెలో 28, 30 కిలోలు కుక్కించేవారు. ఎక్కువ నింపినవాడికే గిరాకీ. అదనపు పండు రైతు జేబులోంచి పోయినట్టే. ఎన్నో ఏళ్ల డిమాండ్ తర్వాత 2024 సీజన్ నుంచి సుమారు 20 కిలోలే పట్టే ఒకేరకం పెట్టెను ప్రభుత్వం తప్పనిసరి చేసింది. దీనికితోడు విదేశీ పండు పోటీ. ఇరాన్ నుంచి చవగ్గా దిగుతున్న యాపిల్‌తో వేగలేక గగ్గోలు పెడితే, కిలో 50 రూపాయలకన్నా తక్కువ ధర పలికే యాపిల్ దిగుమతిని కేంద్రం 2023 మేలో నిషేధించింది.

చలి కొండెక్కింది!

రెడ్ డెలీషియస్‌కు శీతకాలంలో 7 డిగ్రీలకన్నా తక్కువ చలి వెయ్యి గంటలకు పైగా కావాలి. అప్పుడే మొగ్గకు నిద్ర తీరి సరిగ్గా పూస్తుంది. ఇప్పుడు మంచు తగ్గుతోంది, పడినా ఆలస్యంగా పడుతోంది. తాతలు తోటలు వేసిన కింది కొండల్లో దిగుబడి పడిపోతోంది. ఒకప్పుడు యాపిల్‌కు మరీ చలి ఎక్కువనుకున్న కిన్నౌర్ పైభాగాలు, లాహౌల్-స్పితి లోయల్లో కొత్త తోటలు వెలుస్తున్నాయి. తోట కొండెక్కగలదు. కుటుంబం ఎలా ఎక్కుతుంది? ఇల్లూ పొలమూ కిందే ఉన్నాయి కదా!

కొట్టాలా... వద్దా?

అందుకే ఇవాళ కోట్‌గఢ్, రోహ్రూ ఇళ్లలో ఒకటే చర్చ. ముసలి చెట్లు కొట్టేసి కొత్త పద్ధతికి వెళ్లాలా?

కొత్త పద్ధతి అంటే పొట్టి చెట్ల తోట. ఎం-9 లాంటి పొట్టి రకం వేరుమొక్క మీద గాలా, జెరోమైన్, సూపర్ చీఫ్ లాంటి రకాలు అంటుకడతారు. పాత పద్ధతిలో ఎకరాకు నూరు చెట్లు పడితే ఇక్కడ వెయ్యి దాకా నాటొచ్చు. రెండు మూడేళ్లకే కాపు. నిచ్చెన అక్కర్లేదు. వీటిలో కొన్ని రకాలకు చలీ తక్కువ చాలు. ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన 1,134 కోట్ల రూపాయల పథకం కింద ఇలాంటి మొక్కలు విదేశాల నుంచి పెద్దఎత్తున వచ్చాయి కూడా.

మరి చిక్కేమిటి? పొట్టి చెట్టుకు వేళ్లు లోతుగా పోవు. దన్నుగా కంబాలూ తీగలూ కావాలి, డ్రిప్ కావాలి, వేసవిలో నీళ్లు కావాలి. మంచు మీదే ఆధారపడ్డ తోటలో అంత నీరెక్కడిది? పెట్టుబడి లక్షల్లో. పైగా ఆ చెట్టు ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లే. అంటే ప్రతి తరమూ మళ్లీ మొదటి నుంచి తోట వేసుకోవాలి. తాత నాటింది మనవడు తినే లెక్క అక్కడితో చెల్లు.

ఇంకో చిత్రం... పాత యాపిల్ చెట్టు పీకిన గోతిలో కొత్త యాపిల్ మొక్క నాటితే సరిగ్గా ఎదగదు. పాత వేళ్ల చుట్టూ దశాబ్దాలుగా చేరిన శిలీంద్రాలూ నులిపురుగులూ లేతవేళ్లను తినేస్తాయి. కొత్త మట్టి నింపాలి, లేదా కొన్నాళ్లు వేరే పంట వేసి నేలకు విశ్రాంతినివ్వాలి. ఆ కొన్నాళ్లు ఇల్లు గడవాలిగా!

భూమి సంగతీ అంతే. కుటుంబాలు పెరిగాయి, వాటాలు చీలాయి, కొండ మాత్రం పెరగలేదు. హిమాచల్ చట్టం ప్రకారం ఆ రాష్ట్రంలో రైతు కానివాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా సాగుభూమి కొనలేరు. అది తోటల్ని బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా కాపాడింది. అదే సమయంలో చోటు చాలక కొందరు అటవీభూమిలోకి తోటను జరిపారు. 2025 జులైలో అలాంటి తోటల్ని కొట్టేయమని హైకోర్టు ఆదేశించింది. కాపుమీదున్న చెట్లు కూలుతుంటే గగ్గోలు పుట్టి, అదే నెలలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చేదాకా వెళ్లింది. అడవి ఎవరిది, ఆకలి ఎవరిది అన్న ప్రశ్న అక్కడ ఇంటింటిదీ.

ఇన్ని చిక్కుల మధ్య అనుభవమున్న కుటుంబాలు మధ్యేమార్గం పట్టాయి. తోటంతా ఒకేసారి కొట్టరు. ఈ ఏడు రెండు మెట్లు, రెండేళ్లాగి ఇంకో రెండు మెట్లు. పాత చెట్ల ఆదాయంతో కొత్త చెట్లను సాకుతారు. చండీగఢ్‌లోనో దిల్లీలోనో చదివొచ్చిన కుర్రాడు కొత్త రకం మొక్క, డ్రిప్ పైపుల సంగతి చూస్తే, పెద్దాయన పాత చెట్ల కత్తిరింపు చూస్తాడు. మిగిల్చిన ముసలి గోల్డెన్ చెట్లు కొత్త మొక్కలకు పుప్పొడినిస్తాయి. తాత చెట్టు మనవడి చెట్టుకు చేసే ఆఖరి సాయం అది!

మన దగ్గర కాస్తుందా?

హిమాచల్‌లోనే, బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామంలో హరిమన్ శర్మ అనే రైతు వేడిని తట్టుకునే యాపిల్ రకాన్ని తయారుచేశారు. పేరు ‘హెచ్ఆర్ఎంఎన్-99’. 40 డిగ్రీలు దాటే చోటా అది కాస్తోంది. ఆ కృషికి 2025లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విశాఖ మన్యంలోని లంబసింగి ప్రాంతంలో యాపిల్ సాగును పరీక్షించారు. వారి సహకారంతోనే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఓ రైతు వేసిన తోట 2020లో కాపుకొచ్చింది. కోట్‌గఢ్ రైతుల్లా మన రైతుకూ మొదట భయమే, తర్వాతే పండు. మనవళ్ల దాకా నిలుస్తుందా లేదా అన్నది మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్లకు గానీ తేలదు!