కొన్నవాడు కౌలుదారు

'కొనడం' అనే మాటకు మన పెద్దలు చెప్పుకున్న అర్థం చాలా తేలిక. డబ్బిచ్చాం, వస్తువు తెచ్చుకున్నాం. ఆ పూటనుంచి అది మనది. కంచుచెంబు కొన్నాక అందులో నీళ్లు తాగుతామో, పూలు పెట్టుకుంటామో అంగడివాడు అడగడు. అర్ధరాత్రి తలుపు తట్టి, "మా పద్ధతి మారిందండీ, చెంబు ఇలా ఇచ్చేయండి" అనడు. అది సొట్టపోతే మనకు నచ్చిన కంచరి దగ్గరకు తీసుకుపోవచ్చు. మనం పోయాక మన పిల్లలు వాడుకుంటారు.

ఒకప్పుడు ఇంట్లో రేడియో వుంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుము కట్టవలసి వచ్చేది. అది వినడానికి సర్కారుకు కట్టే రుసుము. పెట్టె మాత్రం మనదే. రుసుము కట్టడం ఆలస్యమైనంత మాత్రాన పెట్టెలోని వాల్వులు వాటంతట అవి ఆరిపోయేవి కావు.

ఇప్పుడు మన ఇళ్లల్లోకి వచ్చిన ఫోన్లు, కంప్యూటర్లు, మాట్లాడే స్పీకర్లు, పలకమీద చదివే పుస్తకాలు - వీటి సంగతి వేరు. డబ్బు పూర్తిగానే ఇస్తాం. బిల్లుమీద పేరు మనదే. తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గరే వుండిపోతుంది. నిజానికి మనం కొన్నవాళ్లం కాము, కౌలుదార్లం. ఆ సంగతి ఒప్పందంలో రాసే వుంటుంది. 'ఒప్పుకున్నాను' అని వేలుపెట్టి నొక్కినవాళ్లు కోట్లమంది వున్నారు గాని, ఆ ఒప్పందం ఆసాంతం చదివిన మహానుభావుడు నాకింతవరకు తారసపడలేదు.

మాయమైన పుస్తకాలు

2009 జులైలో అమెరికాలో జరిగిన సంగతి వినండి. అమెజాన్ కంపెనీ కిండిల్ అనే పలకను అమ్ముతుంది. పుస్తకాలు అందులోకి తెప్పించుకుని చదువుకోవచ్చు. కొందరు పాఠకులు డబ్బిచ్చి జార్జి ఆర్వెల్ నవలలు '1984', 'యానిమల్ ఫారం' తెప్పించుకున్నారు. ఒకనాడు చూసుకుంటే పుస్తకాలు లేవు! వాటిని అమ్మకానికి పెట్టిన వ్యాపారికి ఆ హక్కు లేదని తేలిందట. అందుకని కంపెనీవారు వున్నచోటినుంచే పాఠకుల పలకల్లోని పుస్తకాలను చెరిపేసి, డబ్బు వాపసు పంపారు. '1984' నవలలో సర్కారు తనకు గిట్టని కాగితాలను ఒక కన్నంలో పడేసి కాల్చేయిస్తుంది. ఇన్ని పుస్తకాలుండగా ఆ పుస్తకానికే ఈ గతి పట్టడం విధివిలాసం కాక మరేమిటి? కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ ఆ నెలలోనే క్షమాపణ చెప్పుకున్నాడు. సంతోషమే. కాని మన బీరువాలోని పుస్తకాన్ని అంగడివాడు తన గద్దెమీద కూర్చునే తీసేయగలడని ఆనాడు లోకానికి తెలిసిపోయింది.

పదేళ్ల తరవాత, 2019లో, మైక్రోసాఫ్ట్ కంపెనీ తన పుస్తకాల దుకాణం మూసేసింది. మన వూళ్లో పుస్తకాల షాపు ఎత్తేస్తే అక్కడ కొన్న పుస్తకాలు మన ఇంట్లోనే వుంటాయి. ఇక్కడ అలా కాదు, దుకాణంతోపాటు పాఠకుల దగ్గరున్న పుస్తకాలూ పోయాయి. డబ్బు వాపసిచ్చారు. పుటల అంచుల్లో సొంత రాతలు రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు ముట్టచెప్పారు. ఒక మనిషి చదువుతూ చదువుతూ రాసుకున్న ఆలోచనలకు అంతకంటె ఎక్కువ ధర కట్టడం ఎవరికైనా కష్టమే అనుకోండి!

వస్తువుల గతీ అంతే. ఇంట్లో దీపాలను, తాళాలను ఫోనుతో నడిపించే 'రివాల్వ్' అనే పెట్టె ఒకటి వుండేది. వెల సుమారు 300 డాలర్లు. గూగుల్ వారి నెస్ట్ కంపెనీ 2014లో రివాల్వ్‌ను కొని, 2016 మేలో దాని సేవ ఆపేసింది. పెట్టెలో తీగ తెగలేదు, చక్రం విరగలేదు. ఎక్కడో ఒకరు మీట నొక్కారు. ఇక్కడ ఇళ్లల్లో పెట్టెలు చచ్చి వూరుకున్నాయి.

ఐఫోన్ల ముచ్చట ఇంకో రకం. బ్యాటరీ పాతబడిన కొన్ని ఫోన్ల వేగం తామే తగ్గిస్తున్నామని ఆపిల్ కంపెనీ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. పాత బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు ఇవ్వలేదు కనక ఫోను హఠాత్తుగా ఆరిపోతుందనీ, అలా ఆరిపోకుండా ఈ ఏర్పాటు చేశామనీ చెప్పింది. కారణం సబబైనదే కావచ్చు. కాని ఆ మాట ముందే చెబితే, ఫోను ముసలిదైపోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లు బ్యాటరీ ఒక్కటి మార్పించుకుని వూరుకునేవారు కదా! 2020లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆ కంపెనీకి 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికాలో దావా వేసినవాళ్లకు 50 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి, తప్పు ఒప్పుకోకుండానే, కంపెనీ రాజీపడింది.

ఉచితం అనే వల

"డబ్బిచ్చి కొన్నవాటి గొడవ సరే, ఉచితంగా ఇచ్చేవాటికి కూడా వంకలు పెడతావేమయ్యా?" అంటారేమో.

మన దేశానికి టీ అలవాటు చేయడానికి కంపెనీలవారు వీధుల్లో బిందెలు పెట్టి ఉచితంగా పోసేవారని పెద్దలు చెప్పేవారు. అలవాటైన తరవాత ఉచితం పోయింది, టీ మిగిలింది. ఇదీ ఆ పద్ధతే. 2004 ఏప్రిల్ 1న గూగుల్ వారు జీమెయిల్ ప్రారంభించి, ఒక్కొక్కరికి ఒక గిగాబైటు చోటు ఉచితమన్నారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద గాదె అంటే, ఏప్రిల్ ఒకటో తేదీ పరిహాసమేమో అనుకున్నవాళ్లున్నారు. 2015లో ఫోటోలు దాచుకునే కొట్టు తెరిచారు. బొమ్మ నాణ్యం కాస్త తగ్గించుకుంటే ఎన్నయినా దాచుకోవచ్చన్నారు. దేశదేశాల తల్లులు, తాతలు పిల్లల బొమ్మలన్నీ అందులో పోశారు. 2021 జూన్ 1 నుంచి ఆ వరం ఆగిపోయింది. ఆ తరవాత చేర్చే బొమ్మలు, ఉత్తరాలు, కాగితాలు అన్నీ కలిపి 15 గిగాబైట్లకు లోబడాలి. అది నిండితే నెలనెలా అద్దె కట్టాలి. మాటతప్పారని అనలేం, ముందే నోటీసు ఇచ్చారు. కాని ఆరేళ్ల బొమ్మలను ఒక్కచోట పోసినవాడు అక్కణ్ణుంచి ఎత్తుకుని ఎక్కడికి పోతాడు? గాదె నిండాక గాదె యజమాని చెప్పిందే ధర.

"మీరు మీరేనా?"

ఇవన్నీ లోకం సంగతులు. నా సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. కంపెనీ పేరు రాయను. పేరు రాస్తే పాపమంతా దానిదే అన్నట్టు వుంటుంది; మిగతావాళ్లు మునులై కూర్చోలేదు.

నిరుడు నా ఫోను ఒక తెల్లవారుజామున కన్నుమూసింది. కొత్తది కొని నా ఖాతా తెరవబోయాను. పాస్‌వర్డ్ అడిగింది, సరిగ్గానే కొట్టాను. అప్పుడు అడిగింది కదా, "మీరు మీరేనా?" అని! రుజువు కావాలంటే పాత ఫోనుమీద ఒక అంకె వస్తుందట, దాన్ని నొక్కాలట. పాత ఫోను చచ్చింది కనకనే కదా కొత్తది కొన్నది! "ఇంకో దారి చూపండి" అనే మీట నొక్కితే మొదటి దారికే తీసుకొచ్చింది. నాలుగైదు సార్లు చేసేటప్పటికి అనుమానం వచ్చి తలుపు పూర్తిగా మూసేసింది.

ఆ ఖాతాలో నా బ్యాంకు ఉత్తరాలున్నాయి, ఇంటిపన్ను రసీదులున్నాయి. వాటికి నకళ్లు తెచ్చుకోవచ్చు. కాని మా అమ్మ గొంతు కూడా అందులోనే వుంది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఒక కార్తికమాసంలో తులసికోట దగ్గర పాడిన మంగళహారతులు, మధ్యలో మా చెల్లెల్ని "వత్తి ఎగదొయ్యవే" అని కసరడం, అన్నీ రికార్డు చేసి దాచుకున్నాను. దానికి నకలు ఏ కచేరీలో ఇస్తారు?

సహాయానికి ఫోను చేశాను. ఒకటి నొక్కమంది, నొక్కాను. మూడు నొక్కమంది, నొక్కాను. చివరికి "ఈ విషయంలో సహాయం మా వెబ్‌సైటులో దొరుకుతుంది" అని పెట్టేసింది. వెబ్‌సైటుకు వెళితే, "సహాయానికి ఈ నంబరుకు ఫోను చేయండి" అని వుంది. గానుగెద్దుకైనా సాయంత్రానికి ఇన్ని గింజలు నూనె అవుతాయి. నాకు అదీ లేదు. మా బజారులో ఫోన్లు బాగుచేసే కుర్రవాడు వున్నాడు, బుద్ధిమంతుడు. పాత ఫోను విప్పి, చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. "లాభం లేదు బాబాయిగారూ. బోర్డు కాలిపోయింది. పోనీ ఖాతా తెరుద్దామన్నా తాళం మన దగ్గర లేదు, వాళ్ల దగ్గరుంది" అన్నాడు.

అర్జీమీద అర్జీ పెట్టాను. ఆధార్ చూపిస్తానన్నా, బ్యాంకు పుస్తకం చూపిస్తానన్నా, చూసే మనిషి వుంటేగా! పంతొమ్మిదో రోజున ఖాతా దానంతట అదే తెరుచుకుంది. ఎందుకు మూశారో చెప్పలేదు, ఎందుకు తెరిచారో చెప్పలేదు. ఆ సాయంత్రం మా చెల్లెలూ నేనూ కూర్చుని హారతులు విన్నాం. "వత్తి ఎగదొయ్యవే" అన్న చోట అది లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాది అదృష్టం. అందరిదీ కాదు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి జబ్బుపడిన తన పసివాడి బొమ్మ తీశాడు, డాక్టరుకు చూపించడానికి. గూగుల్ యంత్రం దాన్ని నేరపు బొమ్మగా లెక్కవేసి పోలీసులకు తెలియజేసింది, అతని ఖాతా మూసేసింది. పోలీసులు విచారించి నేరం ఏమీ లేదని తేల్చారు. అయినా ఖాతా తిరిగి రాలేదు. ఉత్తరాలు, పసివాడి తొలి ఏళ్ల బొమ్మలు, ఫోను నంబరు సహా పోయాయి. ఈ సంగతి 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రచురించింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా మనిషి కాదు.

కంపెనీల పక్షం కూడా చెప్పాలి. దొంగలు లేకపోలేదు. ఒకరి పేరుమీద ఇంకొకరు సిమ్ తీసుకుని, ఓటీపీలు పట్టి బ్యాంకు ఖాతాలు వూడ్చేసేవాళ్లున్నారు. కనక తాళం గట్టిదే వుండాలి. కోట్లమంది వాడుకునే సేవలో ప్రతివాడికీ ఒక గుమాస్తాను కూర్చోబెట్టడం ఖర్చుతో కూడిన పని. అందుకే తీర్పులు యంత్రానికి వదిలేశారు. వెయ్యికి ఒక్కటి తప్పినా కంపెనీకి లెక్కలోకి రాదు. ఆ ఒక్కటీ ఎవడి ఇల్లో, వాడికి మాత్రం నూటికి నూరూ అదే.

కౌలుదారుకు చట్టం వుంది

పొలం కౌలుకు చేసేవాణ్ణి యజమాని తన ఇష్టం వచ్చినట్టు లేవగొట్టకుండా తెలంగాణ ప్రాంతంలో 1950లోనూ, ఆంధ్ర ప్రాంతంలో 1956లోనూ చట్టాలు వచ్చాయి. కారణం చెప్పాలి, అధికారి ముందుకు రావాలి, రైతు మాట వినాలి. చట్టం వున్నంతమాత్రాన న్యాయం జరిగిపోయిందని కాదు. నిలబడి అడగడానికి ఒక గుమ్మం దొరికింది. మరి మన ఈ కొత్త కౌలుకో?

మెల్లిగా గుమ్మాలు పడుతున్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం ఒకటి 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. తరవాత లాగేసుకోగల పుస్తకాన్నో, సినిమానో, ఆటనో 'కొనండి' అని అమ్మకూడదు. ఇది అనుమతి మాత్రమేనని కొనేవాడికి విడమరిచి చెప్పాలి. వస్తువు మన చేతికి పూర్తిగా రాకపోయినా, మాటకైనా అర్థం దక్కింది. మన దేశంలో 2021 నాటి ఐటీ నిబంధనలు ఇటువంటి కంపెనీలు ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరు, చిరునామా ప్రకటించాలన్నాయి. ఆయన తీర్పు నచ్చకపోతే వినడానికి 2023లో కేంద్రప్రభుత్వం అప్పీలు కమిటీలు వేసింది. డబ్బిచ్చి కొన్న వస్తువు గొడవైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వుంది, 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. వీటిని వాడుకునేవాళ్లు పెరిగితేనే వీటికి పదును వస్తుంది.

ఈలోగా ఇంట్లో చేసుకోవలసినవి కొన్ని వున్నాయి. దాచినవన్నీ తిరిగి దించుకునే ఏర్పాటు చాలా కంపెనీలు పెట్టాయి. ఏడాదికొకసారి, సంక్రాంతి బూజులు దులిపేటప్పుడనుకోండి, ఆ పని చేసి ఒక డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టండి. ఖాతాకు ఇచ్చే అత్యవసరపు అంకెలను కాగితంమీద రాసి, ఇంటి దస్తావేజులతో కలిపి వుంచండి. మీ తరవాత ఖాతా ఎవరికి చెందాలో రాసిపెట్టే వీలు కొన్నిటిలో వుంది, రాయండి. పోయిన పెద్దల ఖాతాలుంటే వెంటనే చూసుకోండి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలను తీసేయవచ్చునని గూగుల్ 2023లో నియమం పెట్టి, ఆ డిసెంబరునుంచి అమలు మొదలుపెట్టింది. చివరిగా ఒకమాట. మరీ ప్రాణప్రదమైన బొమ్మలు నాలుగు కాగితంమీద అచ్చువేయించి గోడకు తగిలించండి. గోడ పాస్‌వర్డ్ అడగదు.

పంట వాళ్ల గాదెలో వుంటే వుండనివ్వండి. విత్తనాలు మాత్రం మన ఇంట్లో వుండాలి.