నట్టింట్లో ముద్దాయి

టెలివిజన్ కార్యక్రమాన్ని టేపుకెక్కించి తీరిక వేళ చూసుకున్న గృహస్థు దొంగ అవుతాడా? ఆ యంత్రాన్ని అమ్మిన వర్తకుడు దొంగకు తోడుపడ్డవాడవుతాడా? అమెరికాలో ఏడేళ్లకు పైగా నలిగిన ఒక వ్యాజ్యం కథ ఇది.

1976లో ఒకనాడు యూనివర్సల్ చిత్రనిర్మాణ సంస్థ అధ్యక్షుడు సిడ్నీ షీన్‌బర్గ్ చేతికి ఒక ప్రకటన నమూనా వచ్చింది. జపాన్ దేశపు సోనీ కంపెనీ అమెరికాలో అమ్ముతున్న బీటామాక్స్ అనే కొత్త యంత్రం కోసం తయారైన ప్రకటన అది. ‘కొలంబో’ చూస్తూ కూర్చున్నందువల్ల ‘కోజాక్’ను పోగొట్టుకోనక్కర లేదు, దాన్ని పట్టి ఉంచి తరువాత చూసుకోవచ్చునని దాని సారాంశం. ఆ రెండూ ఆనాటి అమెరికా ప్రేక్షకులను కట్టిపడేసిన అపరాధ పరిశోధక ధారావాహికలు. రెండూ యూనివర్సల్ వారి సొత్తే. తన చేలోని పంటను వచ్చి మూట కట్టుకుపొమ్మని పొరుగువాడు టముకు వేయించినట్లు తోచి ఉండాలి షీన్‌బర్గ్‌కు.

అంతవరకు టెలివిజన్ రైలుబండి వంటిది. వేళకు స్టేషనులో లేనివాడికి బండి దక్కదు. 1975 చివర అమెరికా విపణిలోకి వచ్చిన బీటామాక్స్ ఆ నియమాన్ని తారుమారు చేసింది. టెలివిజన్‌తో కలిపి అమ్మిన తొలి నమూనా వెల రెండు వేల డాలర్లకు పైమాటే. టేపు ఒక గంటసేపు మాత్రమే నడిచేది. అయినా, యజమాని ఇంట లేనప్పుడు కూడా గడియారం ప్రకారం తనంతట తాను మేలుకొని కార్యక్రమాన్ని పట్టుకునే సదుపాయం జనాన్ని ఆకర్షించింది. సోనీ సంస్థాపకులలో ఒకరైన అకియో మోరిటా దీనికి ‘కాలాన్ని జరుపుకోవడం’ అని పేరు పెట్టాడు. ప్రసారకర్త నిర్ణయించిన ముహూర్తం నుంచి ప్రేక్షకుడికి విముక్తి కలిగించడమే ఆయన ఉద్దేశం.

విచిత్రమేమంటే, ఆ సమయంలో ఇరుపక్షాలూ వ్యాపార మిత్రులు. యూనివర్సల్ మాతృసంస్థ ఎం.సి.ఎ. ఒక వీడియో డిస్కును తయారు చేస్తున్నది. దాన్ని నడిపే యంత్రాల విషయమై సోనీతో సంప్రదింపులు సాగుతున్నవి. ఆ చర్చల సందర్భంలో జరిగిన విందులోనే, బీటామాక్స్ అమ్మకం మానకపోతే కోర్టుకు వెళ్లవలసి వస్తుందన్న మాట మోరిటా చెవిన పడింది. ఒక చేత్తో కరచాలనం చేస్తూ రెండో చేత్తో కొట్టే ఆచారం జపాన్‌లో లేదని, ఆ బెదిరింపును నమ్మలేక ఆయన తన సహచరులతో అన్నట్లు చెబుతారు.

1976 నవంబరులో దావా పడనే పడింది. యూనివర్సల్‌తో వాల్ట్ డిస్నీ సంస్థ చేయి కలిపింది. ప్రతివాదుల పట్టికలో సోనీ, యంత్రాలను అమ్మిన దుకాణాలు, ప్రకటన సంస్థ ఉన్నాయి. వీరందరి సరసన ఒక సామాన్య గృహస్థు పేరు కూడా ఉంది. నేరం యంత్రం చేయదు, మనిషి చేస్తాడు గనుక, కాపీ చేసిన మనిషినొకడిని న్యాయస్థానానికి చూపక తప్పలేదు. అందుకోసం వాదుల న్యాయవాదులు తమ కక్షిదారులలో ఒకరినే ఒప్పించారు. ఆయన నుంచి నష్టపరిహారం గాని ఖర్చులు గాని కోరబోమని ముందే హామీ ఇచ్చారు. ఆ పెద్దమనిషి వద్ద సుమారు 100 టేపులున్నవి. యంత్రం కొన్నప్పుడు ఇంట ఒక గ్రంథాలయమంత సేకరణ చేద్దామనుకున్నాడట. టేపుల ధర భరించలేక, చూసినవాటిని చెరిపి వాటి మీదనే మళ్లీ కొత్తవి ఎక్కించుకుంటున్నాడు. చిత్రసీమ ఆస్తికి గండికొట్టగల మహాచోరుడి అసలు స్వరూపం ఇది!

లాస్ ఏంజెలెస్ ఫెడరల్ జిల్లా న్యాయస్థానంలో విచారణ సాగినప్పుడు అందరినీ ఆలోచింపజేసినవి న్యాయవాదుల ఉపన్యాసాలు కావు, సామాన్యుల అలవాట్లు. ఇరుపక్షాలూ యంత్రం గల ఇళ్లలో సర్వే చేయించాయి. తాము చూడలేకపోయే కార్యక్రమాలను పట్టుకోవడానికి యంత్రాన్ని వాడామని 96 శాతం యజమానులు చెప్పినట్లు సోనీ సర్వేలో తేలింది. వాదుల సర్వే కూడా వారికి అక్కరకు రాలేదు. వారు ప్రశ్నించిన వారిలో 75.4 శాతం మంది సగంసార్లు గాని అంతకు మించి గాని యంత్రాన్ని వాడినది వేళ మార్చుకుని చూడటానికే. పైగా, ఎవరికీ అభ్యంతరం లేని కార్యక్రమాలూ అనేకం ఉన్నాయి. పసిపిల్లల కార్యక్రమంతో ఇంటింటా పరిచితుడైన ఫ్రెడ్ రోజర్స్ న్యాయస్థానంలో సాక్ష్యమిచ్చాడు. పిల్లలు చూడలేని వేళల్లో కొన్ని కేంద్రాలు తన కార్యక్రమాన్ని ప్రసారం చేస్తున్నాయనీ, కుటుంబాలు దాన్ని పట్టి ఉంచుకుని తమకు వీలైనప్పుడు చూపడం మంచి సేవేననీ ఆయన అభిప్రాయం.

1979లో న్యాయమూర్తి వారెన్ ఫెర్గూసన్ సోనీకి అనుకూలంగా తీర్పు చెప్పాడు. లాభాపేక్ష లేకుండా ఇంట్లో కాపీ చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదని ఆయన నిర్ణయం. 1981 అక్టోబరులో అప్పీలు న్యాయస్థానం దాన్ని తలకిందులు చేసింది. ఒక్కరోజులో లక్షలాది అమెరికన్ల పడక గదులూ హాళ్లూ చట్టవిరుద్ధ కార్యకలాపాల స్థావరాలైపోయాయి. పోలీసులు తలుపు తట్టి వీడియో టేపులు పట్టుకుపోతున్నట్లు వ్యంగ్యచిత్రాలు వెలువడ్డాయి. రోజుల వ్యవధిలోనే కాంగ్రెసులో గృహస్థులకు రక్షణ కల్పించే బిల్లులు ప్రవేశపెట్టారు. చిత్రనిర్మాతల ప్రతినిధి జాక్ వాలెంటి 1982లో కాంగ్రెసు ఉపసంఘం ముందు వాదిస్తూ, ఒంటరి స్త్రీల గొంతు నులిమి చంపిన బోస్టన్ హంతకుడితో వీడియో రికార్డరును పోల్చాడు. అతిశయోక్తిలో చిత్రసీమకు పోటీ ఎవరు?

సుప్రీంకోర్టుకు కూడా ఈ ముడి సులువుగా విడలేదు. 1983 జనవరిలో వాదనలు విని, తేల్చుకోలేక, అదే ఏడు అక్టోబరులో మళ్లీ విన్నారు. న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ కాగితాలు ఆయన మరణానంతరం 1993లో బయటపడినప్పుడు లోపలి కథ తెలిసింది. మొదట మొగ్గు సోనీకి వ్యతిరేకంగానే ఉన్నదట. చివరికి 1984 జనవరి 17న అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు వెలువడింది. సోనీ గెలిచింది.

అధిక సంఖ్యాకుల తీర్పు రాసిన జాన్ పాల్ స్టీవెన్స్ పేటెంటు చట్టం నుంచి ఒక సూత్రాన్ని అరువు తెచ్చుకున్నాడు. ఒక వస్తువుకు చెప్పుకోదగినంత ధర్మబద్ధమైన ఉపయోగం ఉన్నప్పుడు, ఎవరో దాన్ని దుర్వినియోగం చేసినందుకు అమ్మినవాణ్ని శిక్షించరాదు. కొడవలి చేసిన కమ్మరిని, దానితో దొంగకోత కోసినవాడి పక్కన నిలబెట్టరాదని మన పల్లెటూరి పెద్దలు చెప్పే న్యాయమే ఇది. ఉచితంగా ఇంటికి ప్రసారమయ్యే కార్యక్రమాన్ని కాస్త ఆలస్యంగా చూడటం సముచిత వినియోగమేనని కూడా తీర్పు స్పష్టం చేసింది. టేపులను శాశ్వతంగా దాచుకునే సంగతి మాత్రం తేల్చకుండానే వదిలింది.

హారీ బ్లాక్‌మన్ రాసిన అసమ్మతి తీర్పును తేలికగా తీసివేయడానికి లేదు. ఒకరి రచన నుంచి కొంత గ్రహించి కొత్తది సృష్టించేవాడికి చట్టం మినహాయింపు ఇస్తుంది. విమర్శకుడూ పరిశోధకుడూ అటువంటివారు. కేవలం తన సౌకర్యం కోసం మొత్తం కృతిని ఉన్నదున్నట్లు కాపీ చేసుకునేవాడు లోకానికి కొత్తగా ఇచ్చేదేమిటి? సౌకర్యమే హక్కుగా మారితే రచయితకు మిగిలేదేమిటి? కంప్యూటర్ల యుగంలో ఈ ప్రశ్న పదింతలై తిరిగి వచ్చింది. 2005లో పాటల ఫైళ్లు పంచుకునే గ్రాక్‌స్టర్ వంటి సాఫ్ట్‌వేరుపై అదే సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, దొంగకోతకు జనాన్ని పురికొల్పినవాడు తప్పించుకోలేడని చెప్పవలసి వచ్చింది.

ఓడిన చిత్రసీమ గతి ఏమయింది? తాను గొంతు నులుముతుందని భయపడిన యంత్రమే దానికి కొత్త ప్రాణం పోసింది. 1980ల చివరికి అమెరికాలో వీడియో కాసెట్ల రాబడి సినిమా హాళ్ల వసూళ్లను మించిపోయింది. గెలిచిన సోనీకి మాత్రం విపణిలో ఓటమి తప్పలేదు. మరొక జపాన్ కంపెనీ తెచ్చిన వి.హెచ్.ఎస్. పద్ధతి బీటామాక్స్‌ను తరిమివేసింది. 1988లో సోనీ కూడా ఆ పద్ధతి యంత్రాలను అమ్మడం ప్రారంభించింది.

అదే ఏడు సోనీ సి.బి.ఎస్. రికార్డుల సంస్థను, మరుసటి ఏడు కొలంబియా చిత్రసంస్థను కొన్నది. యంత్రాలు అమ్మేవాడు పాటలకూ సినిమాలకూ యజమాని అయ్యాడు. కూర్చున్న చోటు మారగానే కనిపించే దృశ్యమూ మారింది. 2005 అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ అనే కంప్యూటరు నిపుణుడు ఒక విషయం బయటపెట్టాడు. సోనీ బి.ఎం.జి. సంస్థ అమ్మిన పాటల డిస్కును కంప్యూటరులో పెడితే, కాపీలను అరికట్టే ఒక ప్రోగ్రాము రహస్యంగా లోపలికి చొరబడి, యజమాని కంటికి కనబడకుండా దాక్కుంటున్నది. దాన్ని బలవంతంగా పీకితే డిస్కు డ్రైవే పనిచేయడం మానుతున్నది. కొద్ది రోజుల్లోనే ఆ చాటును ఆసరా చేసుకునే వైరస్సులూ పుట్టాయి. ఇటువంటి మరుగు ప్రోగ్రాము అంటే ఏమిటో చాలామందికి తెలియనే తెలియదు, మరి వారెందుకు పట్టించుకోవాలని ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు రేడియోలో అన్నాడు. జనం పట్టించుకున్నారు. డిస్కులు వెనక్కి తీసుకోవలసి వచ్చింది; దావాలు పడ్డాయి; కంప్యూటరు పాడైనవారికి 150 డాలర్ల వరకు ఇచ్చేందుకు 2007లో అమెరికా ప్రభుత్వ సంస్థతో ఒప్పందం కుదిరింది. నట్టింట్లోని యంత్రం యజమాని మాట వినాలా, అమ్మినవాడి మాట వినాలా అన్న ప్రశ్న ఈసారి తిరగబడి వచ్చింది.

మన దేశంలోకి ఈ యంత్రం వచ్చిన తీరు వేరు. 1982 ఆసియా క్రీడలతో రంగుల టెలివిజన్ వచ్చింది. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారి సామానుతో వీడియో రికార్డర్లు ఊళ్లకు చేరాయి. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో రెండు కార్యక్రమాలు ఒకే వేళకు వచ్చి తగవు పడే సమస్యే లేదు. అద్దెకు తెచ్చిన కాసెట్టును ఇరుగుపొరుగుతో కలిసి చూడటం, టిక్కెట్టు పెట్టి వీడియో పార్లరులో చూపడం ఇక్కడి వాడుక. కొత్త సినిమా కాసెట్టు హాలుకు పోటీగా బజారుకెక్కడంతో నిర్మాతల గోలలో న్యాయం ఉంది. అందువల్ల, అమెరికా సుప్రీంకోర్టు యంత్రాన్ని నిర్దోషిగా వదిలిన 1984లోనే మన పార్లమెంటు 1957 నాటి కాపీరైటు చట్టానికి పదును పెట్టింది. వీడియో ఫిల్ములను, కంప్యూటరు ప్రోగ్రాములను చట్టంలో చేర్చింది. ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. ఒకే యంత్రం, ఒకే సంవత్సరం. వాడుక మారితే ధర్మమూ మారింది.

అయితే ఆ ఊపులో ఒక లోటు మిగిలిపోయింది. స్వంత ఉపయోగానికి చేసుకునే కాపీకి మన చట్టంలోని మినహాయింపు పుస్తకాలకూ నాటకాలకూ సంగీతానికీ చిత్రకళకూ వర్తించేది గాని, సినిమాలకూ రికార్డులకూ అందులో చోటు లేదు. 2012లో సవరించేదాకా అదే స్థితి. అంటే అంతకాలం, తన పెళ్లిరోజు కానుకగా వచ్చిన పాటల కాసెట్టును మరో టేపు మీదికి ఎక్కించుకున్న గృహస్థుకు ఆ మినహాయింపు రక్షణ అక్షరాలా లేదు. ఈ సంగతి తెలిసి బెదిరినవాడు మన దేశంలో ఒక్కడైనా ఉన్నాడా!

నేడు కంప్యూటరు, సెల్‌ఫోను విషయంలో సామాన్యుల అభిప్రాయాలు రెండు కొసలలో నిలుస్తాయి. డబ్బు పెట్టి కొన్నాను, ఇక నా ఇష్టమని ఒకరంటారు. ఇంటర్నెట్లో దొరికింది, కనుక అందరిదీ అని మరొకరంటారు. రెండూ చట్టం కాదు. కంప్యూటరు ప్రోగ్రాము కొన్నవాడు అది పాడైతే పనికివచ్చేందుకు ఒక నకలు దాచుకోవచ్చు, స్నేహితుడికి పంచరాదు. డిజిటల్ తాళాన్ని ఛేదించడం 2012 సవరణలోని 65ఎ సెక్షను ప్రకారం నేరమే, రెండేళ్ల వరకు జైలు. కాని హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదించినప్పుడే నేరం. చట్టం నిషేధించని పనికోసం తాళం తీసినవాడికి మినహాయింపు ఉంది. ఆ పనిలో ఇంకొకరికి సహాయపడేవాడు మాత్రం వారి పేరు, చిరునామా మొదలైన వివరాలతో పూర్తి రికార్డు ఉంచవలసి ఉంటుంది. వీధి చివర కంప్యూటరు మరమ్మతు చేసే కుర్రవాడి బల్ల మీద అటువంటి పుస్తకం కనబడుతుందని ఆశించడం కష్టం.

ఇంతలో టేపులు పోయాయి, డిస్కులూ దాదాపు పోయాయి. సినిమా ఇప్పుడు తీగ వెంట వచ్చి తెర మీద ఆడి వెళ్లిపోతుంది. తరువాత చూద్దామని ఫోనులో దింపుకున్న సినిమా గడువు తీరగానే ఆగిపోతుంది; చందా ముగిస్తే దానితో పాటే పోతుంది. నాడు అయిదుగురు న్యాయమూర్తులు గృహస్థుకు వదిలిన పని నేడు కంపెనీ అనుమతితో, అది పెట్టిన గడువులో జరుగుతున్నది. సోనీ బీటామాక్స్ యంత్రాల తయారీని 2002లోనూ, టేపుల సరఫరాను 2016 మార్చిలోనూ ఆపివేసింది. అయినా పనిచేసే పాత యంత్రం ఉన్నవాడు తన పాత టేపును, అదింకా చెడకుండా ఉంటే, నేడు కూడా ఎవరినీ అడగకుండా చూసుకోవచ్చు.