అమెరికా మెరైన్లు: అపోహలు – వాస్తవాలు

రెండో ప్రపంచయుద్ధంలో సముద్రం మీంచి శత్రుతీరంపై దిగి పోరాడిన పదాతి దళాల్లో ఎక్కువ పేరు మోసింది అమెరికా మెరైన్ కోర్. 1939లో ఇరవై వేల లోపున్న ఈ దళం యుద్ధం ముగిసేనాటికి నాలుగున్నర లక్షలు దాటి, ఆరు డివిజన్లయింది. ఆరేళ్లలో ఇంత పెరగడంతో దాని నిర్మాణం, తుపాకులు, దుస్తులు తరచూ మారుతూ వచ్చాయి. సినిమాలు మాత్రం 1945 నాటి ఇవో జిమా సైనికుడి వేషాన్నే యుద్ధమంతటికీ తొడిగేశాయి. అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: తీరంపై దాడులన్నీ మెరైన్లే చేశారు.

యుద్ధంలోకెల్లా పెద్ద తీరదాడి, 1944 జూన్ 6 నాటి నార్మండీ దాడిలో, అమెరికా మెరైన్ పటాలం ఒక్కటీ లేదు. అక్కడ దిగిన అమెరికన్ డివిజన్లన్నీ ఆర్మీవే. మెరైన్ల సొంత రంగమనుకునే పసిఫిక్‌లో కూడా, ఒకినావా నేలపై పోరాడిన మెరైన్ డివిజన్లు రెండైతే ఆర్మీ డివిజన్లు నాలుగు.

అపోహ: మెరైన్ల చేతిలో మొదటినుంచీ ఎం1 గారండ్ రైఫిలే ఉండేది.

1942 ఆగస్టు 7న గ్వాడల్‌కెనాల్‌లో దిగిన ఒకటో మెరైన్ డివిజన్ సైనికులు పట్టుకెళ్లింది 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్. అందులో పట్టేవి ఐదు తూటాలు, పైగా పేల్చిన ప్రతిసారీ బోల్టు లాగాలి. ఎనిమిది తూటాలను వరసగా పేల్చే గారండ్‌లతో ఆర్మీ 164వ పదాతి రెజిమెంట్ అక్టోబరులో ఆ దీవికి వచ్చాక, మెరైన్లు వాటిని ఆశగా చూశారంటే ఆశ్చర్యం లేదు. మెరైన్లకిచ్చిన రైసింగ్ సబ్‌మెషీన్ గన్ సంగతి మరీ అన్యాయం. అడవి తేమకు తుప్పుపట్టి, అవసరానికి మొరాయించేది.

అపోహ: పదమూడు మంది స్క్వాడ్ మెరైన్ల పాత సంప్రదాయం.

1942లో స్క్వాడ్ అంటే తొమ్మిది మంది, వాళ్లకో బార్ (ఆటోమేటిక్ రైఫిల్). మరుసటేడు పన్నెండు మంది, రెండు బార్‌లు. పదమూడు మంది లెక్క 1944లో వచ్చింది: ఒక నాయకుడు, అతని కింద నలుగురేసి మూడు ఫైర్ టీములు, టీముకో బార్. దట్టమైన అడవిలో, కాల్పుల హోరులో పన్నెండు మందిని ఒక్కడే అదిలించడం కుదిరే పని కాదు. ముగ్గురు టీము నాయకులకు చెబితే చాలునన్నది ఈ ఏర్పాటులోని కిటుకు. అదే ఏడు డివిజన్‌లో మొత్తం మనుషుల సంఖ్యను తగ్గించారు. స్క్వాడ్ కాల్పుల బలం మాత్రం పెరిగింది.

అపోహ: మెరైన్ల యూనిఫాం అంటే మచ్చల బట్టలే.

సాధారణ మెరైన్ తొడుక్కున్నది ఆకుపచ్చ ముతక నూలు చొక్కా, ప్యాంటు. ఎడమ జేబు మీద దళం చిహ్నం, ఆంగ్లంలో నాలుగు పొడి అక్షరాలు ముద్రించి ఉండేవి. ఒకవైపు అడవి ఆకుపచ్చ, మరోవైపు ఇసుక గోధుమ రంగు ఉన్న మచ్చల దుస్తులు కొన్ని పటాలాలకే అందాయి. కదలకుండా పొంచి ఉన్నవాడికి అవి పనికొచ్చాయి గానీ, మనిషి కదిలితే ఆ మచ్చలే కంటబడేవి. అందరికీ నిలిచింది అదే గుడ్డతో కుట్టిన హెల్మెట్ తొడుగు. దాని అంచులను ఉక్కు టోపీకీ లోపలి లైనర్‌కీ మధ్య దోపేవారు. ఆర్మీవాళ్లు ఎక్కువగా వల కట్టుకునేవారు, లేదా ఉత్త హెల్మెట్‌తో తిరిగేవారు. ఫొటోల్లో మెరైన్‌ను పోల్చుకోవడానికి ఈ తొడుగే మంచి గుర్తు. నార్మండీలో మచ్చల బట్టలు వేసుకున్న ఆర్మీ సైనికులను సొంతవాళ్లే జర్మన్లనుకోవడంతో అక్కడ వాటిని వెనక్కి తీసుకున్నారు.

అపోహ: ముందు తలుపు దించే పడవ పూర్తిగా అమెరికన్ల ఆలోచన, అది ఎక్కడికైనా వెళ్లగలిగేది.

పడవ ముందుభాగమే తలుపులా వాలే పద్ధతిని జపనీయులు 1937లోనే షాంఘై దగ్గర వాడారు. విక్టర్ క్రూలాక్ అనే మెరైన్ లెఫ్టినెంట్ దాన్ని ఫొటో తీసి పంపితే, ఆ నివేదిక వాషింగ్టన్‌లో దుమ్ము పట్టింది. న్యూ ఆర్లియన్స్‌లో ఆండ్రూ హిగిన్స్ చెక్కతో చేసిన పడవలకు ఆ తలుపు తర్వాత గానీ రాలేదు. గ్వాడల్‌కెనాల్‌లో చాలామంది పడవ పక్కనుంచి దూకే దిగారు.

ఆ పడవ హద్దు 1943 నవంబర్ 20న పసిఫిక్‌లోని తరావాలో బయటపడింది. నిండుగా మనుషులున్న హిగిన్స్ పడవకు దాదాపు నాలుగడుగుల నీళ్లు కావాలి. ఆ రోజు పోటు సరిగా రాక, పగడపు దిబ్బ మీద అంత లోతు లేదు. ముందు వరసలు 125 ఆంఫిబియన్ ట్రాక్టర్లలో దిబ్బ దాటాయి. వెనక వచ్చినవాళ్లు దిబ్బ దగ్గరే పడవలు దిగి, మెషీన్ గన్ల ఎదుట వందల గజాలు నీళ్లలో నడవాల్సి వచ్చింది. 76 గంటల్లో వెయ్యి మంది దాకా అమెరికన్ల ప్రాణాలు పోయాయి. గొలుసు పట్టాల మీద నేలపైనా, నీళ్లలోనూ నడిచే ఆంఫిబియన్ ట్రాక్టర్, ఫ్లోరిడా చిత్తడి నేలల్లో తుపాను బాధితుల కోసం డొనాల్డ్ రోబ్లింగ్ తయారుచేసినదానికి వారసురాలు. గ్వాడల్‌కెనాల్‌లో సామాన్లు మోసిన ఇది, తరావా తర్వాత దాడికి తప్పనిసరి అయింది.

అపోహ: పడవ నడిపేవాడు, గాయాలకు కట్టు కట్టేవాడు కూడా మెరైన్లే.

పడవలు నడిపింది నౌకాదళం, కోస్ట్ గార్డ్. గ్వాడల్‌కెనాల్‌లో చిక్కుకున్న మెరైన్లను 1942 సెప్టెంబర్ 27న తప్పిస్తూ మరణించిన డగ్లస్ మన్రో కోస్ట్ గార్డ్ మనిషే. వైద్య సహాయకులు, డాక్టర్లు మెరైన్ బట్టలు వేసుకున్న నౌకాదళ సిబ్బంది.

అపోహ: జపాన్ తరఫున తీరాల్లో దిగింది ‘ఇంపీరియల్ మెరైన్లు’.

అమెరికన్లు అలా పిలిచినవి జపాన్ నౌకాదళపు ప్రత్యేక దళాలు. హెల్మెట్ మీద లంగరు గుర్తున్న వీళ్లు నేల మీద పోరాడే శిక్షణ పొందిన నావికులు. పెద్ద దాడులు ఎక్కువగా చేసింది హెల్మెట్‌పై నక్షత్రం ఉన్న ఆర్మీ. స్థానిక కాలమానం ప్రకారం 1941 డిసెంబర్ 8న మలయాలోని కోట భరు తీరంలో, పెర్ల్ హార్బర్‌పై బాంబులు పడడానికి దాదాపు గంట ముందే దిగింది కూడా ఆర్మీవాళ్లే.