చలిపులి, మూడు తేళ్ళు, పొయ్యిలో పిల్లి
(రేడియో ప్రసంగ పాఠం)



ఈవేళ చలి గురించి, చలి చుట్టూ మనవాళ్ళు అల్లుకున్న మాటల గురించి, ఆ మాటల్లో దాక్కున్న జంతువుల గురించి, చివరికి మన గుమ్మం బయట పడుకునే కుక్క గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందాం. సామెతలకీ కుక్క పక్కకీ ఏమిటి సంబంధం అంటారేమో. దగ్గరి చుట్టరికమే ఉంది, వినండి.

ముందు మన ఊరి సంగతి. సౌదీ అనగానే ఇసుక, ఎండ, ఒంటె గుర్తొస్తాయి. తాయిఫ్‌లో రాత్రి రెండు రగ్గులు కప్పుకున్నామని ఇంటికి ఫోన్ చేసి చెబితే అవతల అమ్మానాన్నలు నవ్వుతారు. కానీ తాయిఫ్ సరవాత్ కొండల మీద, సముద్రమట్టానికి 1,800 మీటర్ల పైన ఉంది. వెయ్యి మీటర్లు పైకెక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని లెక్క. అంటే సముద్రపు ఒడ్డున ఉన్న జెద్దా కన్నా ఇక్కడ 11, 12 డిగ్రీలు తక్కువ ఉంటుందన్నమాట. జనవరి రాత్రుల్లో 8 డిగ్రీల దాకా దిగడం మామూలే, గాలి తోడైన రోజున ఇంకా తక్కువ. అల్ షఫా వైపు ఇంకా ఎత్తు, ఇంకా చలి. మనలో లంబసింగి, అరకు, ఆదిలాబాదు వైపు వాళ్ళకు ఇదేమీ వింత కాదు. విజయవాడ, నెల్లూరు వాళ్ళకు మాత్రం మొదటి ఏడాది పళ్ళు టకటకలాడతాయి. పైగా తాయిఫ్ వేసవి విడిది. ఇక్కడి ఇళ్ళు ఎక్కువగా చల్లదనం కోసం కట్టినవే. కాళ్ళ కింద టైల్సు, పాలరాళ్ళు. చలికాలంలో అవే మంచుగడ్డలు.

ఇప్పుడు మాటల్లోకి వద్దాం. చలి గురించి తెలుగులో ఉన్న జంతువుల మాటలను నేను రెండు గుంపులుగా చూస్తాను.

మొదటి గుంపులో చలే ఒక జంతువు. డిసెంబరు రాగానే మన పేపర్లు తిరగేయండి. "చలిపులి" వచ్చేస్తుంది. "పంజా విసిరిన చలి" అని శీర్షిక పెడతారు. ఇళ్ళలో మనం "ఎముకలు కొరికే చలి" అంటాం. చూశారా, పులి పంజా వేస్తుంది, కుక్క ఎముక కొరుకుతుంది. చలి మీదపడి కరిచే జంతువు అని మన భాష ఎప్పుడో తేల్చేసింది. "మాఘమాసానికి మాకులు వణుకుతాయి" అన్నప్పుడు చెట్లకు కూడా ప్రాణి లక్షణం అంటగట్టేశాం.

ఇక్కడి వాళ్ళు తక్కువ తిన్నారా? అరబ్బుల జానపద పంచాంగంలో చలికాలం చివరి భాగానికి "అకారిబ్" అని పేరు, అంటే తేళ్ళు. ఫిబ్రవరి 10 ప్రాంతంలో మొదలై మార్చి 20 దాకా ముగ్గురు తేళ్ళ రాజ్యం. ఒక్కొక్కటి 13 రోజులు ఏలుతుంది. మొదటి తేలు పేరు "సమ్", అంటే విషం. రెండోది "దమ్", అంటే రక్తం. మూడోది "దసమ్", అంటే కొవ్వు. చెప్పే తీరులు రకరకాలుగా ఉన్నాయి గానీ, ఎక్కువగా వినిపించేది ఇది: మొదటిది విషంలా చంపుతుంది, రెండోది రక్తం చూస్తుంది, మూడోది వచ్చేసరికి గడ్డి మొలిచి పశువులకు కొవ్వు పడుతుంది. మనకు పులి, వీళ్ళకు తేలు. మనది ఎదురుగా వచ్చి పంజా విసిరే చలి. వీళ్ళది పోయింది కదా అనుకున్నాక కాలి కింద నుంచి కుట్టే చలి. ఈ తేడాను కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

మిగతా దేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం ఒకటి రెండు. గట్టి చలిని ఫ్రెంచివాళ్ళు "బాతు చలి" అంటారు. జర్మన్లు, రష్యన్లు ఇద్దరూ "కుక్క చలి" అంటారు. ఇంగ్లీషులో "త్రీ డాగ్ నైట్" అని ఉంది. మూడు కుక్కలను పక్కలో పడుకోబెట్టుకుంటే గానీ తీరని చలి అని అర్థం. 1967లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ఒక రాక్ బృందం ఆ పేరే పెట్టుకుంది. కుక్కను వెచ్చగా ఉంచడం సంగతి అటుంచి, మనిషినే కుక్క వెచ్చగా ఉంచుతుందని చెప్పే మాట అది.

ఇక రెండో గుంపు. ఇందులో జంతువు వెచ్చదనం వెతుక్కుంటుంది. అన్నిటికన్నా నాకిష్టమైనది "పొయ్యిలో పిల్లి లేవలేదు". ఇంట్లో ఇంకా వంట మొదలు కాలేదనీ, వండడానికి ఏమీ లేని పేదరికమనీ దీని అర్థం. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది చెబితే తెల్లమొహం వేస్తారు. వాళ్ళకు స్టవ్ అంటే గ్యాస్, దానిలో పిల్లి ఎలా పడుకుంటుంది? కాస్త విప్పి చెప్పాలి. కట్టెల పొయ్యిలో రాత్రి వంట అయ్యాక నిప్పు ఆరుతుంది, బూడిద మాత్రం తెల్లవారుదాకా గోరువెచ్చగా ఉంటుంది. పిల్లి అందులో ముడుచుకుని పడుకుంటుంది. పొద్దున్నే పొయ్యి అలికి రాజేసేటప్పుడు అది లేచి పోవాలి. లేవలేదంటే పొయ్యి వెలగలేదని. వీధి కుక్క కూడా అంతే, కుప్ప మీద పోసిన వెచ్చని బూడిదలో గుంట చేసుకుని పడుకునేది.

ఈ సామెత వెనక ఒక ఏర్పాటు ఉంది. మన ఊళ్ళలో పిల్లికీ కుక్కకీ ఎవరూ పక్క వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం రాలేదు. పొయ్యి ఉంది, బూడిద ఉంది, గడ్డివాము ఉంది, పశువుల కొట్టం ఉంది. మనుషుల బతుకులో మిగిలిన వెచ్చదనాన్ని అవి వాడుకునేవి. తాయిఫ్‌లో అవేవీ లేవు. ఉన్నది సిమెంటు నేల, ఇనుప గేటు. అందుకని ఆ పొయ్యి చేసిన పనిని ఇక్కడ మనం చేతులారా చెయ్యాలి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

అన్నట్టు, పొయ్యిలో పిల్లి ఈ కాలంలోనూ ఉంది. అది కారు బానెట్ కింద పడుకుంటోంది! ఇంజను బూడిదలాగే చాలాసేపు వెచ్చగా ఉంటుంది కదా. చలికాలం పొద్దున్నే కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు వేసి, ఒక్క నిమిషం ఆగి స్టార్ట్ చెయ్యండి. మన ఊళ్ళో పిల్లి లేచాకే పొయ్యి రాజేసేవారు. ఇక్కడా అదే వరస.

ఇప్పుడు కుక్క దగ్గరికి వద్దాం. ఈసపు కథల్లో ఒకటుంది. చలికాలంలో ఒక కుక్క బాగా ముడుచుకుని పడుకుని, ఇంత చిన్న ఒంటికి చిన్న ఇల్లు చాలు, కట్టుకుందాం అనుకుంటుంది. వేసవి వచ్చి కాళ్ళు బారజాపుకున్నాక, అమ్మో, ఇంత ఒంటికి ఇల్లు కట్టడం నా వల్ల కాదు, అవసరమూ లేదు అని మానేస్తుంది. బద్ధకం మీద చెప్పిన కథే గానీ, అందులో మంచి ఫిజిక్సు ఉంది. ఒంటి వేడి చర్మం మీదుగా పోతుంది. చుట్ట చుట్టుకుంటే గాలికి తగిలే చర్మం తగ్గుతుంది. తోకను ముక్కు మీదికి తెచ్చుకుంటే పీల్చే గాలి కాస్త వెచ్చబడుతుంది. రోమాలు నిక్కబొడుచుకుంటే మధ్యలో గాలి చిక్కుకుని దుప్పటిలా పనిచేస్తుంది. పాదాల్లో ఇంకో ఏర్పాటు ఉందని 2011లో జపాన్ పరిశోధకులు చూపించారు. పాదంలోకి దిగే వెచ్చని రక్తం పైకి వచ్చే చల్లని రక్తానికి పక్కపక్కనే ప్రవహిస్తూ వేడిని దానికి అప్పగిస్తుంది. అందుకే మంచు మీద నిలబడినా కుక్క ఒళ్ళు చప్పున చల్లబడదు.

మరి దేవుడు ఇన్ని ఇచ్చాక మనం చేసేదేముంది అనకండి. ఇవన్నీ అన్ని కుక్కలకూ ఒకే తీరున ఉండవు. హస్కీ లాంటి వాటికి రెండు పొరల బొచ్చు. మన నాటు కుక్కకు, ఇక్కడి వేటకుక్క సలూకీకి పలచటి బొచ్చు, సలూకీకైతే ఒంట్లో కొవ్వు కూడా తక్కువే. 7 డిగ్రీల కిందికి దిగితే ఇలాంటి వాటికి, చిన్న జాతి కుక్కలకు కష్టమే. ముసలి కుక్కకు కీళ్ళు పట్టేస్తాయి. పుట్టిన మొదటి రోజుల్లో కుక్కపిల్లకు వణకడం కూడా చేతకాదు. తల్లి పొట్ట దగ్గర వెచ్చదనం దొరక్కపోతే ఒక్క రాత్రిలో పోతుంది. ఇంకొకటి, తడిసిన బొచ్చు బొచ్చే కాదు. అందులో చిక్కుకున్న గాలి పోతుంది కాబట్టి దుప్పటి పోయినట్టే.

ఇక్కడ చాలా కుటుంబాల్లో కుక్కను ఇంట్లోకి రానివ్వరు. మత నియమం కావచ్చు, ఇంటి ఓనరు మాట కావచ్చు. దానితో పేచీ అక్కర్లేదు. ప్రహరీ లోపలి హోష్‌లోనే ఉంచి వెచ్చగా చూసుకోవచ్చు. ఈ పనులు చెయ్యండి.

ఒకటి, నేల నుంచి లేపండి. చలి పైనుంచి కన్నా కింద నుంచే ఎక్కువ లాగుతుంది. పారేసిన చెక్క ప్యాలెట్ ఒకటి వేస్తే సగం పని అయినట్టే.

రెండు, ఇల్లు చిన్నదిగా ఉండాలి. కుక్క లేచి ఒకసారి గుండ్రంగా తిరిగి పడుకునేంత చాలు. ఈసపు కుక్క చలికాలంలో వేసుకున్న లెక్కే సరైనది. పెద్ద గది కడితే దాన్ని వెచ్చచెయ్యడానికి దాని ఒంటి వేడి చాలదు. గుమ్మం గాలికి ఎదురుగా పెట్టకండి, గోనె పరదా వేలాడదీయండి.

మూడు, లోపల గడ్డి పరవండి. పశువుల సంతలో తిబ్న్ అని అడిగితే గోధుమ గడ్డి ఇస్తారు. పాత దుప్పటి తేమ పీల్చుకుని చల్లబడుతుంది. గడ్డి తేమను నిలవనివ్వదు, కుక్క అందులో దూరి గుంట చేసుకుంటుంది. తడిస్తే మార్చెయ్యండి. మీ దగ్గర ఊరి నుంచి తెచ్చుకున్న ఉన్ని గొంగడి ఉంటే అదీ పనికొస్తుంది, కొంచెం తడిసినా ఉన్ని వెచ్చగానే ఉంటుంది.

నాలుగు, బయట పడుకునే కుక్కకు చలికాలంలో తిండి కాస్త ఎక్కువ పెట్టండి. నీళ్ళు మరిచిపోవద్దు. రాత్రిపూట స్నానం చేయించవద్దు. చేయిస్తే మధ్యాహ్నం ఎండలో చేయించి, పూర్తిగా తుడవండి.

ఐదోది మనుషులకు కూడా. గది తలుపులన్నీ బిగించి బొగ్గుల కుంపటి పెట్టకండి. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సౌదీ సివిల్ డిఫెన్సు వాళ్ళు చలికాలంలో దీని గురించి హెచ్చరిస్తూనే ఉంటారు. మనవాళ్ళలో గొర్రెల మందల దగ్గర, తోటల్లో కాపలా పనుల్లో ఉన్నవాళ్ళు ఉన్నారు. గుడారంలో, రేకుల షెడ్డులో పడుకునే ఆ తమ్ముళ్ళకు ఈ మాట తప్పకుండా చేరవేయండి. కుంపటి బయటే చల్లార్చి పడుకోవాలి.

చలి దెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది? కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీలు, మనకన్నా ఎక్కువ. 37 కిందికి దిగితే ప్రమాదం. మొదట వణుకుతుంది, మూలుగుతుంది. తరవాత మందకొడిగా అయిపోయి వణుకు ఆగిపోతుంది. తగ్గిందిలే అనుకోకండి, ముదిరిందని గుర్తు. పొడి తువ్వాలుతో తుడిచి, దుప్పటి చుట్టి, గోరువెచ్చటి నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పొట్ట, ఛాతీ దగ్గర పెట్టండి. కాళ్ళు గట్టిగా రుద్దవద్దు. వెంటనే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఉన్న మన మాత్రలు మాత్రం వెయ్యకండి. పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది, ఇబుప్రొఫెన్ కుక్కకు విషం.

ఇక పులి, తేలు తేడా. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని మనం నమ్ముతాం. గోదావరి, కృష్ణ ఒడ్డున అది నిజమే. శివరాత్రి ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్యలోగా వస్తుంది. ఇక్కడి లెక్కలో అది తేళ్ళ కాలం నడిమధ్య! పగలు ఎండ కాస్తుంది, చలి పోయిందనిపిస్తుంది, రాత్రి మళ్ళీ కుడుతుంది. ఇలా ఆలస్యంగా తిరిగొచ్చే చలికి ఇక్కడివాళ్ళు "తెలివితక్కువవాడు తన అబా అమ్ముకున్న చలి" అని పేరు కూడా పెట్టారు. కాబట్టి శివరాత్రి జాగారం చెయ్యండి, ఉపవాసం ఉండండి, కుక్క గడ్డి మాత్రం అప్పుడే తీసెయ్యకండి. మార్చి 20 దాకా ఉంచండి. సామెతలోని బుద్ధి మనతో ఎక్కడికైనా వస్తుంది, తేదీ మాత్రం పుట్టిన ఊరిదే.

మహాభారతం చివర్లో ధర్మరాజు హిమాలయాలెక్కుతుంటే తమ్ముళ్ళు, ద్రౌపది ఒక్కొక్కరే పడిపోయారు. ఆ చలిలో చివరిదాకా వెంట నడిచింది కుక్క. దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడాయన. ఈ నేల మీద ఖురాన్‌లో గుహ కథ చెప్పేటప్పుడు కూడా గుహ వాకిట ముందుకాళ్ళు చాచి పడుకున్న కుక్కను మరిచిపోలేదు. రెండు చోట్లా కుక్క ఉన్నది బయటే. ఈ రాత్రి మీ పిల్లలకు "పొయ్యిలో పిల్లి లేవలేదు" అర్థం చెప్పండి. చెప్పాక వాళ్ళ చేతే హోష్‌లో ఒక ప్యాలెట్, దాని మీద రెండు చేరల గడ్డి వేయించండి.

మరోసారి కలుద్దాం. సెలవు.