రంగు చూసి నాటుకోడి అనుకుంటే

ఆదివారం పొద్దున ఉప్పల్ నుంచి నాచారం దాకా చికెన్ షాపుల ముందు క్యూలే. బోర్డు మీద బ్రాయిలర్‌కి ఒక రేటు, నాటుకోడికి అంతకు చాలా ఎక్కువ. జాలీలో ఎర్రవీ నల్లవీ మచ్చలవీ, కిలోన్నరకు మించని కోళ్లు. రంగు ఈకలు, చిన్న ఒళ్లు కనిపిస్తే చాలు, నాటు అని నమ్మేస్తాం. ఆ రెండు గుర్తులనూ అంతగా నమ్మడానికి లేదు.

ఈకల రంగును తేల్చేవి కొద్దిపాటి జన్యువులే. పెరుగుదల మాత్రం వందల జన్యువుల ఉమ్మడి పని. అందుకే ఒకదాన్ని మార్చకుండా రెండోదాన్ని మార్చవచ్చు. నగరానికి అవతలి కొసన, రాజేంద్రనగర్‌లో 1988 నుంచి పనిచేస్తున్న కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఈ పనే చేసింది. వాళ్ల ‘కృషిబ్రో’ రంగు ఈకల బ్రాయిలర్; ఆరు వారాలకు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. పెరటి పెంపకానికి వాళ్లే తయారుచేసిన ‘వనరాజా’ అదే వయసుకు ముప్పావు కిలోకు అటూఇటూ. తెల్ల బ్రాయిలరైతే అప్పటికి రెండు కిలోలు దాటేస్తుంది. ఇక చిన్న ఒళ్లే నాటుకు గుర్తు అంటారా? మన సొంత జాతి అసీల్ పుంజు నాలుగు కిలోలు తూగుతుంది!

కూరలో తేడా తెచ్చేది చాలావరకు వయసు. కండను పట్టి ఉంచే కొలాజెన్ పోగుల మధ్య వయసుతో పాటు ముడులు బిగుస్తాయి. నలభై రోజుల బ్రాయిలర్‌లో అవి వదులు, కాస్త వేడికే కరుగుతాయి. ఊళ్లో తిరిగి నాలుగైదు నెలలకు కోతకొచ్చిన కోడికి కుక్కర్ కూతలు ఎక్కువ కావాలి. నమిలితే పంటికి తగిలేదీ ఆ ముడుల బిగువే. నాలుగు నెలలు పెంచిన వనరాజా లాంటి సంకర కోడికీ ఆ బిగువు చాలావరకు వస్తుంది. కాబట్టి షాపులో రంగు గురించి కాక, ఎన్ని నెలల కోడి అని అడగడం నయం. పోనీ పరీక్ష చేయిద్దామా అంటే, ఉప్పల్ దాటి కాస్త పోతే చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మాంసం ఏ జంతువుదో అక్కడ డీఎన్ఏ పరీక్షతో చెప్పగలరు. కానీ నాటు, సంకరం, బ్రాయిలర్ అన్నీ ఒకే జీవజాతి. ఆ పరీక్ష మూడింటినీ కోడి అనే అంటుంది.

చిన్న ఒంటి వెనక మరో తమాషా ఉంది. బ్రాయిలర్ పిల్లల్ని ఇచ్చే తల్లులకూ ఆబగా తినే గుణం ఉంటుంది. కడుపునిండా దాణా వేస్తే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి, కొలిచి వేస్తే ఆకలితో అల్లాడతాయి. తల్లినే పొట్టిది చేస్తే? 1959లో అమెరికా శాస్త్రవేత్త హట్ వర్ణించిన పొట్టి జన్యువు ఇందుకు పనికొచ్చింది. పెరుగుదల హార్మోన్‌ను అందుకునే గ్రాహకం ఇందులో చెడిపోతుంది. హార్మోన్ రక్తంలో ఉన్నా ఒంటికి అందదు. పెట్ట దాదాపు మూడో వంతు చిన్నదవుతుంది, దాణా ఖర్చూ తగ్గుతుంది.

మరి పిల్లలూ పొట్టివే పుట్టవా? పుట్టవు. ఈ జన్యువు ఉండేది జడ్ క్రోమోజోమ్ మీద. పక్షుల్లో పుంజుకు రెండు జడ్‌లు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. అంటే ఆడా మగా తేల్చేది తల్లి. పొట్టి పెట్టను మామూలు పుంజుతో కలిపితే, పెట్టపిల్లకు తల్లి నుంచి డబ్ల్యూ, తండ్రి నుంచి మంచి జడ్ వస్తాయి; పొట్టి జన్యువు దాని దరికే చేరదు. పుంజుపిల్లకు ఒక పొట్టి జడ్ అందినా, తండ్రి ఇచ్చిన జడ్ దాన్ని అణచిపెడుతుంది. పుంజుల తూకం కొద్ది శాతం తగ్గుతుందేమో, అంతే. ఫ్రాన్స్‌లో ఈ పొట్టి తల్లుల్ని వ్యాపార స్థాయిలోనే వాడారు. రాజేంద్రనగర్‌లోనూ ఒక పొట్టి వంశం ఉంది. దాని పక్కనే, మన ఎండలకు తట్టుకునేలా, మెడ మీద ఈకలు లేని వంశం.