చిల్కా పేరు గల ఓడలు

రంభలో రైలు ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవారి చూపు చిల్కా సరస్సు మీదికే పోతుంది. కొండల నడుమ అంత నిమ్మళంగా ఉన్న ఆ నీటికీ, ఓడలు మునిగిన కథలకూ ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చు. సంబంధం కలదు.

రంభకు చేరువలోనే, సరస్సుకూ సముద్రానికీ నడుమ పాలూరు ఉన్నది. క్రీ. శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉండిన టాలెమీ తన భూగోళ గ్రంథంలో చెప్పిన 'పలూరా' ఇదేనని పలువురు పండితుల అభిప్రాయం. ఒడ్డు వెంట వచ్చిన ఓడలు ఆ ప్రాంతంలో తీరం విడిచి, నడిసముద్రం మీదుగా సువర్ణభూమికి సాగిపోయేవట. సరస్సు మొగ వద్దనున్న మాణిక్యపట్నం త్రవ్వకాలలో చీనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. అయితే ఇసుక మేటలు వేసి ఆ మొగ పూడుతూ, చోటు మారుతూ వచ్చింది. పెద్ద ఓడలకు లోపలి దారి లేకపోయింది.

ఇక మిగిలినది బయటి తీరం. అక్కడ ఓడకు నీడనిచ్చే మరుగు లేదు. గోపాలపురం రేవుకు వచ్చిన పొగ ఓడలు దూరంగా లంగరు వేసి నిలిచేవి. సరుకులైనా మనుషులైనా మసులా పడవలలోనే ఒడ్డుకు చేరాలి. ఆ పడవకు ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరి పీచు త్రాటితో కుడతారు. అల కొట్టినప్పుడు మేకు వేసిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. ఏ అలను విడిచిపెట్టాలో, ఏ అల వెనుక తెడ్లు వేయాలో తెలిసినవారు మన వాడబలిజలు, జాలారులు. ఒడియావారు వీరిని నోలియాలంటారు. నేటికీ గోపాలపురం, పూరీ ఒడ్డున వీరి ఇళ్ళలో వినబడేది తెలుగే.

ఈ పడవలెక్కే గంజాము జిల్లా కూలీలు వేలకొలది రంగూను వెళ్ళారు. రేవులలో మూటలు మోశారు, బియ్యపు మిల్లులలో పనిచేశారు. అక్కడివారు తెలుగువారిని కోరంగీలన్నారు. 1930 మేలో రంగూను రేవులో జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ, ప్రాణాలు పోగొట్టుకొన్నదీ వీరే.

దారిలోనూ ఆపద తప్పలేదు. 1917లో 'చిల్కా' అనే పొగ ఓడ బారువ దగ్గర మునిగిపోయింది. బారువ నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, ఆనాడు మన గంజాము జిల్లాలోనిదే. ఒడ్డుకు కనుచూపు మేరలోనే ఉన్న ఆ ఓడ శిథిలాన్ని ఇటీవల గజ యీతగాళ్ళు నీటిలోకి దిగి చూసి వస్తున్నారు. తరువాత బ్రిటిష్ ఇండియా కంపెనీవారు అదే పేరుతో నడిపిన మరొక ఓడను 1942 మార్చిలో సుమత్రా దగ్గర జపాను జలాంతర్గామి ముంచివేసింది. ఆ నెలలోనే రంగూను జపానువారి వశమైంది. ఓడలు ఆగిపోయాయి. అక్కడ చిక్కుకొన్నవారిలో లెక్కకు మించినవారు అడవుల వెంట కాలినడకన బయలుదేరారు. దారిలో పడిపోయినవారి లెక్క ఎవరూ వ్రాయలేదు.

మా మనసును కలచేది ఇదే. ఓడ పేరు కంపెనీ పుస్తకాలలో ఉంటుంది, దాని బరువు కూడా ఉంటుంది. డెక్కు మీద చాప పరచుకొని వెళ్ళిన కూలీ పేరు మాత్రం ఉండదు. అలలమీద అతనిని ఓడదాకా చేర్చిన తండేలు పేరూ ఉండదు. ఆ పేర్లు ఉన్నది మన ఇళ్ళలోనే. రంగూనునుండి వచ్చిన ట్రంకుపెట్టె, పాత మనియార్డరు రసీదు, అమ్మమ్మ చెప్పిన ఒక్క మాట, ఇవే మనకు మిగిలిన దస్తావేజులు. బరంపురంలోనూ, గంజాములోనూ, రంభలోనూ ఉన్న మన కుటుంబాలవారు ఎవరు ఏ రేవులో ఓడ ఎక్కారో, ఎవరు తిరిగి వచ్చారో, ఎవరు రాలేదో ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితంమీద వ్రాసి పెట్టవలెనని కోరుతున్నాము. చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు.